నల్గొండకు సముద్రం ఎటువైపు?



"బాబూ, నల్గొండకు సముద్రం ఎటువైపు ఉంటుంది?"

చాలా ఏళ్ల కిందట ఒక విశ్వవిద్యాలయంలో పిహెచ్.డి. వైవా జరుగుతుంటే, బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు అడిగిన ప్రశ్న ఇది. ఆయన గొంతు పెంచలేదు. కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, తెలియని ఊళ్లో దారి అడిగినట్టు అడిగారు. నేను ఆ గదిలో ఓ మూల కుర్చీలో ఉన్నాను. ఎదురుగా నిలబడ్డ అబ్బాయి అంశం చాలా బాగుంది: నల్గొండ జిల్లా సామెతల్లో, పలుకుబళ్లలో తిండి సంగతులు. అయితే నాలుగో అధ్యాయానికి వచ్చేసరికి, నల్గొండ జాలర్లు తెల్లవారకముందే పడవలు సముద్రంలోకి తోస్తున్నారు. నల్గొండ చేపల పులుసు పేరు దేశమంతా మోగిపోతోంది. నల్గొండ మొలగొలుకుల బియ్యం గురించి రెండు పేజీలున్నాయి. ఊరి పక్కనే పెన్నానది పారుతోంది.

మీకీపాటికి అర్థమై ఉంటుంది. నెల్లూరు మీద ఎవరో అంతకుముందే రాసిన సిద్ధాంత గ్రంథం సాఫ్ట్ కాపీ ఈ అబ్బాయి చేతికి చిక్కింది. కంప్యూటర్లో 'ఫైండ్ అండ్ రీప్లేస్' అని ఒక వసతి ఉంది కదా. నెల్లూరు అన్న చోటల్లా నల్గొండ పెట్టమన్నాడు. అది పెట్టింది. సముద్రాన్ని తీసెయ్యమని దానికి ఎవరూ చెప్పలేదు.

గదిలో అందరం నవ్వాం. నేనూ నవ్వాను. కానీ ఇంటికి పోయాక ఆ నవ్వు నిలవలేదు. ఎందుకంటే ఆ అబ్బాయి సోమరి కాడని నాకు తెలుసు. మిగిలిన అధ్యాయాల కోసం ఎండలో ఊళ్లు తిరిగాడు. బస్సు లేని చోటికి నడిచి వెళ్లాడు. గడువు దగ్గర పడింది, ఫెలోషిప్ ఆగిపోయింది, ఒక అధ్యాయం తక్కువైంది. ఇవన్నీ సాకులే, ఒప్పుకుంటాను. అయినా నన్ను ఎక్కువగా కుదిపింది వేరే సంగతి. వైవా అయ్యాక వరండాలో నా దగ్గరికి వచ్చి అతనన్నాడు: "సార్, ఉన్నది రాశాను. లేనిది కల్పించలేదు కదా. మరి తప్పెలా అయింది?"

అతను నటించడం లేదు. నిజంగానే అడిగాడు.

ఆలోచించి చూడండి. మన పిల్లవాడికి బడిలో మొదటి రోజు నుంచి ఏం నేర్పాం? పుస్తకంలో ఉన్నది మక్కీకి మక్కీ దించితే పదికి పది. సొంత మాటల్లో రాస్తే, "ఇది ఎక్కడిదిరా?" అని ఎర్ర సిరా. గైడులో ఉన్న జవాబు, క్వశ్చన్ బ్యాంకులో ఉన్న జవాబు, మేడమ్ బోర్డు మీద రాసిన జవాబు: మూడూ అక్షరం తేడా లేకుండా ఒకటే. ఇంటర్లో ర్యాంకు తెచ్చుకున్నవాడంటే ఎవరు? ఎవరో రాసినది అందరికంటే తు.చ. తప్పకుండా తిరిగి అప్పజెప్పినవాడు. పదిహేనేళ్లు ఆ పనికి శాలువా కప్పి, పదహారో ఏట యూనివర్సిటీ మెట్లెక్కగానే అదే పనిని గ్రంథచౌర్యం అంటాం. నియమం మారిన రోజు ఏదో ఆ పిల్లవాడికి ఎవరూ చెప్పరు.

గ్రంథచౌర్యం అంటే దొంగతనం. ఇంగ్లీషులో ప్లేజియరిజం అనే మాటకు మూలం ఇంకా కటువుగా ఉంటుంది. లాటిన్లో ప్లేజియారియస్ అంటే మనుషుల్ని ఎత్తుకుపోయేవాడు. సుమారు 1,900 ఏళ్ల కిందట మార్షల్ అనే రోమన్ కవి, తన కవితల్ని వేరొకడు తనవని చదువుకుంటున్నాడని మండిపడి, వాణ్ణి ఆ మాటతో తిట్టాడు. ఎత్తుకొచ్చిన పిల్లకు ముందుగా చేసే పని పేరు మార్చడం. నెల్లూరును నల్గొండ చేసినట్టు.

అట్లా అయితే మన కావ్యాల సంగతేమిటి, అందరూ ఒకరి నుంచి ఒకరు తీసుకున్నవారే కదా అని అడుగుతారు. ఇందుకు శ్రీనాథుడి మీద ఒక పాత కథ ఉంది. ఇది చాటు కథ, చరిత్ర అని పట్టుకోకండి. సంస్కృతంలో శ్రీహర్షుడు రాసిన నైషధాన్ని శ్రీనాథుడు శృంగార నైషధంగా తెలుగు చేశాడు. సంస్కృత సమాసాల్ని చాలా చోట్ల అట్లాగే ఉంచి, చివర తెలుగు ప్రత్యయాలు తగిలించాడు. అది చూసిన పండితులు, "నీ డుమువులు నువ్వు తీసుకుని, మా నైషధం మాకు ఇచ్చెయ్యవయ్యా" అన్నారట. డుమువులంటే డు, ము, వు, లు. రాముడులో డు, వనములో ము.

నన్నడిగితే పండితులు గడుసువాళ్లే గానీ, శ్రీనాథుడికి అన్యాయం చేశారు. ఆయన శ్రీహర్షుణ్ణి దాచలేదు. గ్రంథం చివర తాను ఎట్లా తెలుగు చేశాడో పద్ధతి కూడా చెప్పుకున్నాడు. పేరు చెప్పి తెచ్చుకున్నదాన్ని ఎవరూ దొంగ సొత్తు అనరు. కానీ ఆ ఎత్తిపొడుపు మాత్రం ఇవాళ మన యూనివర్సిటీల్లో జరిగే పనికి అచ్చంగా సరిపోతుంది. దాన్ని నేను మా పిల్లల దగ్గర డుమువుల పని అనేవాణ్ణి.

ఒక వాక్యం వినిపిస్తాను. ఉదాహరణకని నేనే అల్లాను, ఏ పుస్తకంలోదీ కాదు. "1876-78 కరువులో రాయలసీమ రైతులు ముందుగానే పశువులను అమ్ముకోవడంతో, వానలు కురిసిన తర్వాత కూడా సాగు ప్రారంభించలేకపోయారు." ఇది మూలం అనుకోండి.

ఇప్పుడు డుమువుల పని వినండి. "1876-78 క్షామంలో సీమ కర్షకులు ముందే పశుసంపదను విక్రయించడం వల్ల, వర్షాలు పడిన పిమ్మట సైతం సేద్యం మొదలుపెట్టలేకపోయారు." కరువు క్షామమైంది, రైతు కర్షకుడయ్యాడు, అమ్మడం విక్రయమైంది. వాక్యం ఎముకల గూడు కదల్లేదు. చొక్కా మార్చిందంతే. ఇది రాసిన విద్యార్థి, "నా మాటల్లో రాశాను సార్" అని నమ్మకంగా చెబుతాడు. నిజానికి అందులో అతని మాట ఒక్కటీ లేదు, నిఘంటువు మాటలే ఉన్నాయి.

అదే విద్యార్థి పుస్తకం మూసేసి, కాస్త అటూ ఇటూ తిరిగి, గదిలో ఉన్న స్నేహితుడికి ఆ సంగతి నోటితో చెప్పి, ఆ తర్వాత కూర్చుని రాస్తే ఎట్లా ఉంటుంది? "కరువంటే వాన లేకపోవడమే అనుకుంటాం. ఫలానా రచయిత మన చూపును పశువుల కొట్టం వైపు తిప్పుతాడు. ఎద్దులు అమ్ముడైపోయిన ఇంటికి, ఆలస్యంగా వచ్చిన వాన అక్కరకు రాలేదంటాడు. అయితే ఆ ఎద్దుల్ని కొన్నదెవరు, ఏ ధరకు? ఆ సంగతి ఆయన చెప్పలేదు." ఇందులో రచయిత పేరుంది. పేజీ నంబరు కింద సూచికలో ఉంటుంది. మాటలు మనవే అయినా ఆలోచన ఆయనది కాబట్టి, పేరు చెప్పక తప్పదు. అన్నిటికంటే ముఖ్యం, చివర్న ఒక ప్రశ్న పుట్టింది చూశారా, అది ఈ విద్యార్థిది. డుమువుల పని చేసినవాడికి ఆ ప్రశ్న ఏనాటికీ తట్టదు. వాడు చదవలేదు, ఎక్కించాడు.

ఇప్పుడు ఈ డుమువుల పనికి యంత్రాలు వచ్చాయి. ఇంగ్లీషు వ్యాసాన్ని ఇస్తే పర్యాయపదాలు గుచ్చి తిరిగి ఇస్తాయి. 2021లో ముగ్గురు పరిశోధకులు ఇలాంటి వింత మాటల్ని సైన్సు పత్రాల నుంచి ఏరి, వాటికి 'టార్చర్డ్ ఫ్రేజెస్' అని పేరు పెట్టారు. చిత్రహింస పడ్డ మాటలన్న మాట. బ్రెస్ట్ క్యాన్సర్ కాస్తా 'బూజమ్ పెరిల్' అయింది. ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ 'కౌంటర్‌ఫీట్ కాన్షియస్‌నెస్' అయింది. బిగ్ డేటా 'కొలాసల్ ఇన్ఫర్మేషన్' అయింది. గుండెపోటును హృదయ తాకిడి అన్నట్టు. నవ్వొస్తుంది గానీ, అవి అచ్చయిన పత్రాలు. ఎవరో వాటిని చదివి సరేనన్నారు, లేదా చదవకుండానే సరేనన్నారు.

కంప్యూటర్ కోర్సుల పిల్లలు ఇంకో రకం డుమువుల పని చేస్తారు. స్నేహితుడి ప్రోగ్రామ్ తీసుకుని అందులోని వేరియబుల్స్ పేర్లు మారుస్తారు. స్టాన్‌ఫర్డ్‌లో నడిచే 'మాస్' అనే సాధనం 1994 నుంచీ ఆ పనిని పట్టేస్తోంది. పేరు మార్చినా, నడక మారదు కదా.

ఇక శాతాల సంగతి. వైవా అనగానే ఇప్పుడు అందరి నోటా వినిపించే మాట, "ఎంత శాతం వచ్చింది?" యు.జి.సి. 2018లో నిబంధనలు తెచ్చింది. సాఫ్ట్‌వేర్ చూపే పోలిక 10 శాతం లోపుంటే శిక్ష లేదు. 10 దాటి 40 దాకా ఉంటే, ఆరు నెలలు మించని గడువులో సరిదిద్ది మళ్లీ ఇవ్వాలి. 40 నుంచి 60 అయితే ఏడాది పాటు సవరించిన ప్రతి ఇవ్వడానికే వీల్లేదు. 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. పాఠం చెప్పేవారికీ మినహాయింపు లేదు. వాళ్ల పత్రాల్లో పోలిక 60 దాటితే పత్రం వెనక్కి తీసుకోవాలి, వరుసగా రెండు ఇంక్రిమెంట్లు పోతాయి, మూడేళ్లు కొత్త పరిశోధకుల్ని తీసుకోకూడదు.

నిబంధన మంచిదే. కానీ దాన్ని మనం అర్థం చేసుకున్న తీరు చూడండి. 10 శాతం దాకా దొంగిలించవచ్చని అనుమతి ఇచ్చినట్టు చదువుకున్నాం. ఒక అధ్యాయానికి గుండెకాయ లాంటి ఆలోచన ఒక్క వాక్యంలో ఉండవచ్చు. మూడు వందల పేజీల్లో ఆ ఒక్క వాక్యం ఎంత శాతం? సున్నా పక్కన చుక్క పెట్టి లెక్కించాలి. అదే, చట్టంలోని సెక్షన్ యథాతథంగా ఎత్తి రాస్తే, కొటేషన్లో పెట్టి పేరు చెప్పి రాస్తే, యంత్రం దానికీ రంగు పూస్తుంది. అలాంటివి లెక్కలోంచి తీసెయ్యాలని ఆ నిబంధనల్లోనే ఉంది. తీసెయ్యడానికి మనిషి కూర్చుని చదవాలి. చదివే ఓపిక లేని చోట అంకె రాజ్యం చేస్తుంది. అంకె రాజ్యం చేసే చోట, శాతం తగ్గించి ఇస్తామనే దుకాణం వెలుస్తుంది. యూనివర్సిటీ గేటు ఎదుట జిరాక్స్, స్పైరల్ బైండింగ్, దాని పక్కన ఈ కొత్త బోర్డు.

తెలుగు శాఖల్లో ఇంకో తమాషా ఉంది, లోపలివాళ్లకు బాగా తెలుసు. మన పాత సిద్ధాంత గ్రంథాలు చాలావరకు డి.టి.పి. సెంటర్లో అను ఫాంట్లలో కొట్టించినవి. అవి యూనికోడ్ కాదు. తెర మీద మనకు తెలుగు కనిపిస్తుంది, లోపల కంప్యూటర్‌కు మాత్రం అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కనిపిస్తాయి. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ సంస్థ 'శోధ్‌గంగ' పేరుతో దేశంలోని సిద్ధాంత గ్రంథాలన్నీ ఒకచోట చేర్చుతోంది. గొప్ప పని. అయినా అను ఫాంటులో ఉన్న పాత గ్రంథానికీ, యూనికోడ్‌లో ఎక్కించిన దాని నకలుకూ పోలిక చూడమంటే యంత్రం రెండూ వేరే లోకాలంటుంది. ఇంగ్లీషు పుస్తకాన్ని తెలుగులోకి దించేసినా అంతే. అందుకే మా శాఖల్లో మూడు శాతం, నాలుగు శాతం వచ్చిందని కాగితం తెస్తే నేను సంబరపడేవాణ్ణి కాదు. ఆ అంకె విద్యార్థి నిజాయితీని చెబుతోందా, ఫాంటు పాతదనాన్ని చెబుతోందా?

యంత్రం కంటే ఓపికున్న మనుషులు గట్టివాళ్లు. 2011లో జర్మనీ రక్షణ మంత్రి గుటెన్‌బర్గ్ సిద్ధాంత గ్రంథం మీద అనుమానం వస్తే, ఇంటర్నెట్లో ముక్కూమొహం తెలియని చదువరులు జట్టుకట్టి పేజీ పేజీ వెతికారు. తొంభై శాతానికి పైగా పేజీల్లో ఎత్తిరాతలు దొరికాయి. పీఠిక మొదటి పేరానే ఒక దినపత్రిక వ్యాసం లోంచి వచ్చింది. ఉద్యోగం, సంసారం మధ్య ఏళ్ల తరబడి రాస్తూ లెక్క తప్పానని ఆయన చెప్పుకున్నాడు. విశ్వవిద్యాలయం డాక్టరేటు వెనక్కి తీసుకుంది, ఆయన మంత్రి పదవి వదిలాడు. తెలిసి చేసిన మోసమేనని విచారణ సంఘం తర్వాత తేల్చింది.

ఆయన సంగతి సరే. కానీ లెక్క తప్పడం అనేది నిజంగా జరుగుతుంది. నాకే జరిగింది. నా పరిశోధన రోజుల్లో గ్రంథాలయంలో కూర్చుని రెండు వందల పేజీల నోట్‌బుక్ నింపాను. నచ్చిన వాక్యం రాసుకున్నాను, దాని కింద నాకు తోచింది రాసుకున్నాను, మళ్లీ పుస్తకంలోది. ఒకే నీలం సిరా. పేజీ నంబర్లు సగం చోట్ల లేవు. మూడేళ్ల తర్వాత రాయడానికి కూర్చుంటే, ఒక వాక్యం మహా బాగుంది. నాదేనని మురిసిపోయాను. మా గురువుగారు చదివి ఏమీ అనకుండా, అలమరలోంచి ఒక పుస్తకం తీసి, ఆ పేజీ తెరిచి నా ముందు పెట్టారు. నా వాక్యం అందులో, నేను పుట్టక ముందే, అచ్చయి ఉంది.

ఆ మర్నాడు ఆయన నాకు ఎర్ర సిరా పెన్ను ఒకటి, పోస్టుకార్డు సైజు అట్టముక్కల కట్ట ఒకటి ఇచ్చారు. ఎదుటివారి మాట ఎర్రగా, నా మాట నీలంగా. కార్డు మీద మొదట పుస్తకం పేరు, పేజీ రాయాలి, ఆ తర్వాతే వాక్యం. నోట్సు రాసుకునేటప్పుడు కొటేషన్ గుర్తు పడితే, మూడేళ్ల తర్వాత పడాల్సిన సిగ్గు తప్పుతుంది. ఇప్పుడు జొటేరో లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, కార్డులు అక్కర్లేదు. కానీ రంగు తేడా మాత్రం ఇప్పటికీ కావాలి.

కార్డులిస్తూ మా గురువుగారు ఒక మాట అడిగారు. "మెదక్ దగ్గర కొల్చారం వెళ్లావా ఎప్పుడైనా?" వెళ్లలేదన్నాను. మల్లినాథ సూరి ఊరు అది. కాళిదాసు కావ్యాలకు ఆయన రాసిన వ్యాఖ్యల్ని దేశమంతా ఇవాళ్టికీ చదువుతున్నారు. ఆధారం చూపలేని మాట ఒక్కటీ తన వ్యాఖ్యలోకి రానివ్వనని ముందే పూచీ రాసుకున్న మనిషి. ఒక పదానికి అర్థం చెబితే, పక్కనే "ఇత్యమరః" అంటాడు. ఇది అమరకోశంలో ఉంది, నా సొంతం కాదు అని. అంత పండితుడికి ఆ అర్థం నోటికి రాదా? వస్తుంది. అయినా చెప్పాడు. మన దగ్గర ఫుట్‌నోటు పడమటి నుంచి దిగుమతైందనుకునే వారికి ఆ రెండు మాటలు వినిపించాలనిపిస్తుంది నాకు.

అమెరికాకు ఎమ్మెస్‌కు వెళ్లే మన పిల్లలకు, నియమం ఎక్కడ మారిందో తెలియక తినే ఈ దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. చాలామంది అక్కడ అడుగు పెట్టకముందే, కన్సల్టెన్సీ చేతి స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్‌తో మొదలవుతారు. ఒకే నమూనా, అందులో అందరికీ చిన్నప్పుడు కంప్యూటర్ చూసి కళ్లు మెరిసే ఉంటాయి. మొదటి సెమిస్టర్లోనే స్నేహితుడి అసైన్‌మెంట్ 'రిఫర్' చేస్తారు. మన హాస్టల్లో అది సాయం, అక్కడ అది విచారణ. సస్పెండయితే పోయేది ఒక్క కోర్సు కాదు, విద్యార్థి వీసా కూడా ప్రమాదంలో పడుతుంది.

చాట్‌జీపీటీ గురించి అడగకుండా ఎవరూ వదలరు. రెండు సంగతులు చెబుతాను. ఒకటి, అది లేని పుస్తకాలకు కూడా రచయిత పేరు, సంవత్సరం, పేజీ నంబరు పెట్టి ఇవ్వగలదు. నల్గొండ అబ్బాయి కనీసం ఉన్న పుస్తకంలోంచి ఎత్తాడు! రెండు, ఇది యంత్రం రాసిందని పట్టే యంత్రాల్ని గుడ్డిగా నమ్మవద్దని గురువులకు నా మనవి. 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఇంగ్లీషు మాతృభాష కానివారు టోఫెల్ పరీక్షకు రాసిన వ్యాసాల్ని అలాంటి సాధనాలకు ఇచ్చి చూశారు. అవి సగటున సగానికి పైగా వ్యాసాల్ని యంత్రం రాసినవే అన్నాయి. చిన్న చిన్న మాటలతో జాగ్రత్తగా ఇంగ్లీషు రాసే మన ఊరి పిల్లవాడు చెయ్యని తప్పుకు దొరికిపోతాడు. అనుమానం వస్తే ఎదురుగా కూర్చోబెట్టి నాలుగు ప్రశ్నలు అడగండి. సముద్రం ఎటువైపు అని అడిగితే చాలు, తెలిసిపోతుంది.

ఆ అబ్బాయి సంగతి చెప్పి ముగిస్తాను. నాలుగో అధ్యాయం తీసేసి మళ్లీ రాయమన్నారు. ఏడాది పట్టింది. రెండోసారి వైవాకు అదే పరీక్షకుడు వచ్చారు. చేపల పులుసు పోయి జొన్న గటక వచ్చింది, పచ్చిపులుసు వచ్చింది. ప్రతి సామెత కింద చెప్పినవారి పేరు, వయసు, ఊరు, తేదీ. ఆయన పేజీలు తిప్పుతూ ఒక పేరు దగ్గర ఆగారు.

"ఈమె పేరు ఇరవై చోట్ల ఉందే, ఎవరీమె?"

"మా నాయనమ్మ సార్."

"మరి మొదటి రాతలో లేరే? అప్పుడు కూడా సగం సామెతలు ఇవేగా?"

"ఇంట్లో మనిషి చెప్పింది కూడా పేరు పెట్టి రాయాలని తెలియదు సార్."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. మేమంతా బిగుసుకుపోయాం. "గటకలోకి మీ ఇంట్లో ఏం నంజుకుంటారు?" అన్నారాయన. ఆ వైవా గంటన్నర నడిచింది. అందులో గంట తిండి గురించే.